పుస్తకాలమ్మి రైలెక్కిన గోల్కొండ కుర్రాడు

హీరో అవ్వాలని బొంబాయి వెళ్లాడు. అయ్యాడు కూడా. కానీ అది నిలబడలేదు. 44 ఏళ్ల వయసులో విలన్ వేషానికి ఒప్పుకున్నాడు. ఇవాళ మనకి గుర్తున్న అజిత్ అక్కడి నుంచే మొదలయ్యాడు.

ఏ మే నెలలోనైనా కోఠిలో సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపుల ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. ఫైనల్ ఇయర్ అయిపోయిన కుర్రాళ్లు బ్యాగుల్లోంచి లావుపాటి పుస్తకాలు తీసి కౌంటర్ మీద పెడుతుంటారు. షాపాయన అట్ట తిప్పి, ఎడిషన్ చూసి, మనం అనుకున్నదాంట్లో పావు వంతు రేటు చెప్తాడు. మనం మొహం చిన్నబుచ్చుకుని ఇచ్చేస్తాం. 2019లో నేనూ అలాగే నా సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పుస్తకాన్ని వదిలించుకున్నాను. వచ్చిన డబ్బు ఇంటర్వ్యూ బూట్లకి సగం కూడా సరిపోలేదు.

ఇంచుమించు ఎనభై ఏళ్ల కిందట మన హైదరాబాద్ కుర్రాడే ఒకడు ఇలాగే కాలేజీ పుస్తకాలు అమ్మేశాడు. ఆ డబ్బుతో బొంబాయి రైలెక్కాడు. పేరు హమీద్ అలీ ఖాన్. ఆ పేరు చెప్తే మీకు తెలియకపోవచ్చు. 'అజిత్' అంటే మీ నాన్న వెంటనే గొంతు మార్చి, మాటలు సాగదీస్తూ 'రాబర్ట్' అనో 'మోనా డార్లింగ్' అనో అంటారు. కావాలంటే ఇవాళ రాత్రి అన్నం దగ్గర అడిగి చూడండి. (తమిళ హీరో అజిత్ వేరు. ఆయన పుట్టిందీ హైదరాబాద్ సంస్థానంలో ఒకప్పుడు భాగమైన సికింద్రాబాద్‌లోనే. అది ఇంకో కథ.)

ఇప్పుడు ఆయన సంగతి ఎందుకంటారా? మా పిన్ని కొడుకు వల్ల. వాడు ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేశాడు. గౌలిపురలో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటాడు. డెవలపర్ అవ్వాలని రెండేళ్లుగా కోడింగ్ ప్రాక్టీస్ చేస్తున్నాడు. చేతికొచ్చింది మాత్రం ఒక అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగం. అదీ నైట్ షిఫ్ట్. "అన్నా, ఇందులో చేరితే నా మీద సపోర్ట్ అని ముద్ర పడిపోతది. ఆ తర్వాత డెవలపర్‌గా ఎవడు తీసుకుంటడు?" అని మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున పదిలోపు కంపెనీకి జవాబు చెప్పాలట.

నాకు చటుక్కున గుర్తొచ్చింది అజితే. ఎందుకో చెప్తాను. ముందు ఆయన కథ వినండి.

తూముల్లో కాపురం

హమీద్ అలీ ఖాన్ 1922 జనవరి 27న గోల్కొండలో పుట్టాడు. తండ్రి నిజాం సైన్యంలో పనిచేసేవారు. చదువు హన్మకొండలో సాగింది. చదువు మీద ధ్యాస లేదు, సినిమా మీదే మనసంతా. ఆ రోజుల్లో సంస్థానంలోని ఓ సైనికుడి కొడుకు 'యాక్టర్ అవుతా' అంటే ఇంట్లో ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. మనం ఎంపీసీ వదిలేసి ఫోటోగ్రఫీ చేస్తానంటే ఎలా ఉంటుందో దానికి పది రెట్లు వేసుకోండి. అందుకే చెప్పకుండా వెళ్లిపోయాడు.

బొంబాయిలో తలదాచుకోవడానికి గది దొరకలేదు. రోడ్డు పక్కన పడేసిన పెద్ద పెద్ద సిమెంటు తూముల్లో పడుకున్నాడు. ఆ తూముల్లో ఉండేవాళ్ల దగ్గర కూడా వారం వారం మామూళ్లు వసూలు చేసే రౌడీలు ఉండేవారట. ఈ కుర్రాడు ఇవ్వనన్నాడు, వాళ్లతో కొట్లాటకి దిగి తరిమేశాడు, ఆ తర్వాత అక్కడ ఈయనకే మర్యాద దక్కింది అని ఆయన గురించి రాసినవాళ్లంతా చెప్పే ముచ్చట. మన అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ఒకే గదిలో ఐదుగురు పడుకునే తమ్ముళ్లకి ఈ ముచ్చట బాగా నచ్చుతుంది.

ఇక్కడొక మాట. పుస్తకాలమ్మి, ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోవడం గొప్ప అని నేను అనను. ఆ కాలంలో అలా బొంబాయి వెళ్లి, తూముల్లోనే మిగిలిపోయిన వాళ్ల గురించి ఎవరూ రాయరు. అజిత్ గెలిచాడు కాబట్టి మనకి ఆ తూములు తెలిశాయి. అంతే.

ఆయన మొదటి సినిమా 'షాహే మిస్ర్' 1946లో వచ్చింది. అప్పటికి ఆయనకి 24 ఏళ్లు. తర్వాత నాలుగేళ్లు హమీద్ ఖాన్ అనే పేరుతో ఇంకొన్ని సినిమాలు చేశాడు. జానపదాలు, కత్తి యుద్ధాలు. ఏదీ నిలబెట్టలేదు. 1950లో మధుబాలతో 'బేకసూర్' చేస్తున్నప్పుడు దర్శకుడు కె.అమర్‌నాథ్ "పేరు పొడుగ్గా ఉంది, మార్చుకో" అన్నాడు. హమీద్ అలీ ఖాన్ కాస్తా అజిత్ అయ్యాడు. అజిత్ అంటే ఓడించలేనివాడు అని. బాక్సాఫీసు ఆ అర్థాన్ని వెంటనే ఏమీ పట్టించుకోలేదు గానీ, 1954లో ఐ.ఎస్.జోహర్ తీసిన 'నాస్తిక్' పెద్ద హిట్టయ్యింది. దేశ విభజన గొడవల్లో అన్నీ పోగొట్టుకుని, దేవుడి మీద నమ్మకం కూడా పోగొట్టుకున్న మనిషి కథ అది. హీరోగా అజిత్‌కి దక్కిన అతి పెద్ద విజయం అదే.

అంటే ఇంట్లోంచి వెళ్లిపోయిన కుర్రాడు అనుకున్నది సాధించాడు. కథ ఇక్కడే ఆగిపోతే మీ నాన్నకి ఇవాళ ఆయన పేరు గుర్తుండేది కాదు.

టాంగా, బస్సు, రంపం మిషన్

1957లో బి.ఆర్.చోప్రా తీసిన 'నయా దౌర్' మీరు చూసి ఉండకపోతే, ఈ వారం ఒక్కసారి చూడండి. ఏఐ వచ్చి ఉద్యోగాలు తినేస్తుందని రోజుకో వీడియో చూసి నిద్ర చెడగొట్టుకుంటున్నారు కదా. దాని బదులు ఇది చూడొచ్చు. ఒక పల్లెటూరు. అక్కడ చెట్లు కొట్టి, కలప కోసి బతికే జనం, టాంగాలు తోలి బతికే జనం ఉంటారు. యజమాని కొడుకు పట్నం నుంచి వస్తాడు. ముందు కలప కోసే మిషన్ తెస్తాడు, కొంతమంది పని పోతుంది. తర్వాత బస్సు తెస్తాడు, టాంగావాళ్ల కడుపు కొడతాడు. హీరో దిలీప్ కుమార్ టాంగా నడిపేవాడు. చివరికి టాంగాకీ బస్సుకీ పందెం.

ఇందులో అజిత్ పాత్ర పేరు కృష్ణ. దిలీప్ కుమార్‌కి ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ ఒకే అమ్మాయిని, అంటే వైజయంతిమాలని ప్రేమిస్తారు. అపార్థం వస్తుంది. ప్రాణ స్నేహితుడు శత్రువు పక్షం చేరతాడు. టాంగా వెళ్లాల్సిన వంతెనని పాడు చేయడానికి కూడా సిద్ధపడతాడు. చివర్లో పశ్చాత్తాపపడతాడు.

చూడాల్సింది ఆ మధ్యలో అజిత్ మొహం. పెద్దగా అరవడు. స్నేహితుడు నవ్వుతుంటే పక్కన నిలబడి చూస్తాడు, అంతే. ఆ చూపులో ప్రేమ ఉంటుంది, ఈర్ష్య ఉంటుంది, 'నన్ను మోసం చేశావు' అనే బాధ ఉంటుంది. మనం హీరో వైపే ఉంటాం కానీ కృష్ణని అసహ్యించుకోలేం. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో రూమ్మేట్‌కి వచ్చి మనకి రాని రోజున అద్దంలో చూసుకున్న మొహం అది. నేను చూసుకున్నాను కాబట్టి చెప్తున్నా.

మూడేళ్ల తర్వాత 1960లో 'మొఘల్-ఎ-ఆజమ్'లో సలీం మిత్రుడు దుర్జన్ సింగ్. మాట కోసం ప్రాణం ఇచ్చే రాజ్‌పుత్. అదీ హీరో పక్కన పాత్రే. మంచి పేరొచ్చింది. అయితే 'హీరో పక్కన' అనేది ఒకసారి అలవాటయ్యాక పరిశ్రమ మనిషిని మళ్లీ మధ్యలో నిలబెట్టదు. రంగుల సినిమాలు వచ్చాయి. కశ్మీర్ లొకేషన్లు, ట్విస్ట్ డాన్సులు, షమ్మీ కపూర్ లాంటి హుషారు హీరోలు వచ్చారు. నలభై దాటిన ఈ గంభీరమైన మనిషికి అందులో చోటు లేదు. వేషాలు తగ్గిపోయాయి. మన భాషలో చెప్పాలంటే బెంచ్ మీద కూర్చోబెట్టారు. స్కిల్ ఉంది, అనుభవం ఉంది, మార్కెట్ మారిపోయింది.

విలన్ వేషం ఇప్పించిన తెలుగువాళ్లు

ఇక్కడి కథలో మనవాళ్లు వస్తారు. 1966లో మద్రాసు నుంచి 'సూరజ్' అనే హిందీ సినిమా వచ్చింది. దర్శకుడు టి.ప్రకాశరావు. 'పల్లెటూరు', 'ఇల్లరికం' తీసిన మన తాతినేని ప్రకాశరావే. హీరో రాజేంద్ర కుమార్, హీరోయిన్ వైజయంతిమాల. రాజులు, కత్తులు, గుర్రాలు. అందులో విలన్ వేషం వెయ్యమని అజిత్‌ని ఒప్పించింది రాజేంద్ర కుమారేనని చెప్తారు.

ఒక్క క్షణం ఆగి ఆయన స్థానంలో మీరుండి చూడండి. పన్నెండేళ్ల కిందట మీరు హీరోగా సూపర్ హిట్ ఇచ్చారు. 'నయా దౌర్'లో మీతో నటించిన హీరోయినే ఇందులోనూ హీరోయిన్. ఇప్పుడు ఆమెని వేధించే పాత్ర మీది. చివరి రీల్‌లో మీకన్నా జూనియర్ చేతిలో చావాలి. ఊళ్లో బంధువులు పోస్టర్ చూస్తారు. ఒప్పుకుంటారా?

ఆయన ఒప్పుకున్నాడు. సినిమా పెద్ద హిట్. ఆ వెంటే ఎల్.వి.ప్రసాద్ నిర్మాణంలో ప్రత్యగాత్మ తీసిన 'రాజా ఔర్ రంక్' (1968), షమ్మీ కపూర్ 'ప్రిన్స్' (1969), ధర్మేంద్ర 'జీవన్ మృత్యు' (1970)... వరసగా వచ్చాయి. ఒకప్పుడు ఎవరి హుషారు వల్ల తనకి చోటు పోయిందో ఆ షమ్మీ కపూర్ సినిమాలోనే విలన్.

ఇదంతా మా గల్లీలో ఒక చాచా దగ్గర విన్నాను, తర్వాత సినిమాలు చూసి సరిచూసుకున్నాను. ఆయన శాలిబండ రోడ్డు మీద తొంభైల్లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. ఇప్పుడదే షాపులో మొబైల్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్ముతున్నాడు. ఆయన కూడా ఒక రకంగా వేషం మార్చినవాడే. డిగ్రీ చేతికొచ్చి ఎనిమిది నెలలు నేను ఖాళీగా ఉన్నప్పుడు ఆ షాపు ముందు స్టూల్ మీదే కూర్చునేవాణ్ని.

"క్యా బేటా, నౌకరీ దొర్కలేదా ఇంకా?"

"దొరికింది చాచా. కానీ అది మంచిది కాదు. ఫోన్లెత్తే పని."

"అజిత్ సాబ్‌కి గూడ అట్లనే దొర్కింది," అన్నాడు ఆయన, ఒక ఫోనుకి గ్లాస్ అంటిస్తూ. "చూసినవా తేజా క్యారెక్టర్? సినిమా మొత్తంల ఒక్కసారన్న లొల్లి చేసిండా? విలన్ అంటే అరవాలె అని ఎవర్రా చెప్పింది?"

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

51వ ఏట అసలు సంవత్సరం

1973. ఆ ఒక్క ఏడాదిలో 'జంజీర్', 'యాదోం కీ బారాత్', 'జుగ్ను' వచ్చాయి. మూడూ హిట్లే, మూడింటిలో విలన్ అజిత్. వయసు 51.

'జంజీర్'లో ఆయన తేజా. తెర మీద చూస్తే పెద్దమనిషి. తెల్లటి సూటు, నీటైన క్రాపు, మెల్లటి మాట. అడుగున నడిపేది కల్తీ మందు వ్యాపారం. ఒక దీపావళి రాత్రి హీరో తల్లిదండ్రుల్ని చంపింది అతనే. చేతి గొలుసుకి వేలాడే తెల్లగుర్రం బొమ్మ ఒక్కటే ఆనవాలు. ఎదురుగా ఉన్నది ఒళ్లంతా కోపం నింపుకున్న ముప్పై ఏళ్ల అమితాబ్ బచ్చన్. సలీం-జావేద్ రాసిన ఆ కోపం అంత బాగా పండిందంటే, అవతల ఉన్న మనిషి అంత చల్లగా ఉండటం కూడా ఒక కారణమే. ఇద్దరూ అరిస్తే అది గొడవ అయ్యేది, సీన్ అయ్యేది కాదు. ఆ సినిమా తర్వాత ఏడాదే మన దగ్గర ఎన్టీఆర్‌తో 'నిప్పులాంటి మనిషి' అయ్యింది. 2013లో రామ్ చరణ్ హిందీలో మళ్లీ తీసినప్పుడు తేజా వేషం ప్రకాశ్ రాజ్‌కి వెళ్లింది. మన ఊరివాడు మొదలుపెట్టిన పాత్రని నలభై ఏళ్లకి ఇంకో గొప్ప నటుడు పట్టుకున్నాడు.

'యాదోం కీ బారాత్'లో ఆయన షాకాల్. రెండు కాళ్లకి రెండు సైజుల బూట్లు వేసుకునే విలన్, ఒకటి ఎనిమిది, ఇంకోటి తొమ్మిది. అది కూడా తెలుగులో 'అన్నదమ్ముల అనుబంధం' అయ్యింది. ఇక 1976లో సుభాష్ ఘాయ్ మొదటి సినిమా 'కాళీచరణ్'. అందులో ఈయన ఊరికి పెద్దమనిషి దీన్‌దయాళ్, చీకటి లోకానికి 'లయన్'. చనిపోతూ పోలీసు అధికారి రాసిన ఇంగ్లిష్ అక్షరాలు 'నంబర్ 17' లా కనిపిస్తాయి, తిరగేసి చూస్తే 'లయన్'. పజిల్స్ ఇష్టపడేవాళ్లు కాగితం మీద రాసి తిప్పి చూడండి, నిజంగానే కుదురుతుంది.

సూటేసుకున్న విలన్ అజిత్‌తోనే పుట్టలేదు. ఆయనకన్నా ముందు కె.ఎన్.సింగ్ ఉన్నాడు, ప్రాణ్ ఉన్నాడు. అజిత్ తెచ్చింది తొందర లేకపోవడం. ఎదుటివాణ్ని చంపమని చెప్పేటప్పుడు కూడా ఇరానీ హోటల్లో ఇంకో చాయ్ చెప్పినంత తాపీగా చెప్పడం. ఇది ఎక్కణ్నుంచి వచ్చింది? ఒక్క రాత్రిలో రాలేదు. 'నయా దౌర్' కృష్ణని మళ్లీ చూడండి. అరవకుండా ఈర్ష్యని మొహంలో దాచుకున్నవాడు అక్కడే ఉన్నాడు. 'సూరజ్'కి తొమ్మిదేళ్ల ముందే విలన్ ఆయన రెజ్యూమెలో ఉన్నాడు. ఆయన దాన్ని హీరోగా చేసిన పని కిందే లెక్కేసుకుని ఉంటాడు. ఎదురుగా ఉన్నవాళ్లకి అది వేరే పనికి కావాల్సిన అర్హతగా కనిపించింది.

మా తమ్ముడికి నేను చెప్పాలనుకున్నది ఈ ముక్కే. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా సంగతి

నేను తీసుకున్న ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో సపోర్ట్. దాని పేరు అనవసరం. నైట్ షిఫ్ట్ అయ్యాక తెల్లవారుజామున క్యాబ్ డ్రైవర్ పాతబస్తీ గల్లీల్లోకి రానని నయాపూల్ దగ్గర దింపేసేవాడు. అక్కణ్నుంచి మదీనా మీదుగా, చార్మినార్ మీదుగా నడక. కుక్కలు, పాల వ్యాన్లు, నేను. ఇంటి పక్కవాళ్లు అడిగితే 'సాఫ్ట్‌వేర్' అని మాత్రం చెప్పేవాణ్ని. సపోర్ట్ అని చెప్పడానికి నోరు రాలేదు.

పని ఏంటంటే, కస్టమర్ ఏడుస్తూ రాసిన టికెట్ చదవాలి, సర్వర్ లాగ్స్ వెతకాలి, తప్పెక్కడుందో కనిపెట్టాలి, అది కంప్యూటర్ తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. మొదటి మూడు నెలలు విసుక్కుంటూ చేశాను. ఒక రాత్రి ఒక పెద్దాయనకి పాస్‌వర్డ్ మార్చడం నాలుగోసారి చెప్తూ, తాళం చెవి పోతే తాళం మార్చినట్టే అని ఏదో పోలిక చెప్పాను. ఆయన "ఇదే మాట మొదట్లో చెప్పి ఉంటే అయిపోయేది కదా నాయనా" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలీదు. ఆ పోలికనే ఇంటికొచ్చి తెలుగులో రాసి పెట్టాను. నా బ్లాగులో మొదటి పోస్టు అదే. ఇవాళ నాకు అన్నం పెడుతున్నది టెక్నాలజీని మామూలు మాటల్లో రాసే పని. అది నేర్చుకున్నది కోడింగ్ క్లాసులో కాదు, నేను చెప్పుకోడానికి సిగ్గుపడిన ఉద్యోగంలో.

దీన్నిబట్టి వచ్చిన ప్రతి ఉద్యోగమూ మంచిదే అనుకోకండి. నాతోపాటు చేరినవాళ్లలో ఒకతను ఐదేళ్లయినా అదే షిఫ్టులో, అవే టికెట్లు మూస్తూ ఉన్నాడు. నన్ను పైకి తెచ్చింది ఆ పనైతే, అతణ్ని పాతేసిందీ ఆ పనే. అజిత్ కథలోనూ ఈ రెండో భాగం ఉంది.

అతికిపోయిన సూటు

డెబ్బైల చివరికొచ్చేసరికి ఏ సినిమా చూసినా అదే సూటు, అదే సాగదీత, పక్కన అలాంటి రాబర్టే. మధ్యలో 1975లో 'షోలే' వచ్చి గబ్బర్ సింగ్‌తో విలన్ అంటే ఎలా ఉండాలో మార్చేసింది. మాసిన బట్టలు, ఖైనీ, పెద్ద నవ్వు. సూట్ల కాలం పోయింది. 'మిస్టర్ నట్వర్‌లాల్' (1979), 'రామ్ బలరామ్' (1980) లాంటివి వచ్చాయి గానీ అజిత్ కొత్తగా ఏమీ చెయ్యలేదు. 1966లో పరిశ్రమ మారినప్పుడు ఆయన మారాడు. రెండోసారి మారినప్పుడు మారలేదు. నా అభిప్రాయం ఇది, పాత సినిమాల అభిమానులు ఒప్పుకోకపోవచ్చు. ఎనభైల్లో సినిమాలకి దూరంగా జరిగి, పుట్టిన ఊరు హైదరాబాద్‌కి తిరిగొచ్చేశాడు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఆయన చేతిలో లేదు. ఆయన ఇంట్లో కూర్చుని ఉంటే, బయట జనం ఆయన పేరుతో జోకులు కట్టడం మొదలుపెట్టారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో, కాలేజీ క్యాంటీన్ల నుంచి రైలు పెట్టెల దాకా పాకాయి. వాటిలో ఎక్కువ భాగం ఆయన ఏ సినిమాలోనూ అనని మాటలే! ఇంజినీరింగ్‌వాళ్లకి బాగా ఇష్టమైనది ఒకటుంది. బాస్ తన మనిషితో అంటాడు: వీణ్ని లిక్విడ్ ఆక్సిజన్‌లో పడెయ్, లిక్విడ్ బతకనివ్వదు, ఆక్సిజన్ చావనివ్వదు. లిక్విడ్ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందులో పడితే చావడం మాత్రం ఖాయం. కానీ జోకు జోకే.

మీమ్స్ అనే మాట మనకి తెలియకముందే ఆయన మీమ్ అయిపోయాడు. 1994లో వచ్చిన 'అందాజ్ అప్నా అప్నా'లో విలన్ పేరు తేజా. అతని పక్కనుండే భల్లా అచ్చం అజిత్ గొంతుతో మాట్లాడతాడు. ఆ భల్లా వేసింది షెహజాద్ ఖాన్, అజిత్ సొంత కొడుకు. ఆ జోకుల పుణ్యమా అని అజిత్‌కి మళ్లీ పిలుపులొచ్చాయి. 1992లో 'జిగర్', 'పోలీస్ ఆఫీసర్'తో డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ కెమెరా ముందుకొచ్చాడు. ఇంకొన్ని సినిమాలు చేశాడు. అవి గొప్పవేం కావు. 1998 అక్టోబర్ 22న హైదరాబాద్‌లోనే గుండెపోటుతో కన్నుమూశాడు. నలభై ఏళ్లకి పైబడిన ప్రయాణం, రెండొందలకి పైగా సినిమాలు.

సోమవారం లోపు

ఇక మా తమ్ముడి విషయం. నిన్న సాయంత్రం వాణ్ని నిమ్రాకి పిలిచాను. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఆఫర్ లెటర్ ఫోన్‌లో చూపించాడు. నేను చూసింది జీతం కాదు. సంవత్సరం తర్వాత వేరే టీంకి మారే అవకాశం రాతలో ఉందా, లాగ్స్ చూడనిస్తారా లేక వట్టి ఫోన్లేనా, బాండ్ ఎన్నేళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా? ఒరిజినల్స్ ఎవరు అడిగినా ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను. మీకూ అదే చెప్తున్నా. ఉద్యోగం ఇస్తామని మీ దగ్గరే డబ్బులడిగేవాళ్లని, మైత్రివనం చుట్టుపక్కల అలాంటి బోర్డులు మీరు చూసే ఉంటారు, దగ్గరికి కూడా రానివ్వకండి. తూముల దగ్గర మామూళ్లు వసూలు చేసినవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు.

వాడి ఆఫర్‌లో బాండ్ లేదు. లాగ్స్ చూసే పని ఉంది. టీం మారే సంగతి ఎక్కడా రాయలేదు. మెయిల్ పెట్టి అడగమన్నాను. "అడిగితే ఆఫర్ వాపస్ తీసుకుంటరేమో అన్నా" అన్నాడు. అడిగినందుకే వెనక్కి తీసుకునేది అయితే అదీ ఇప్పుడే తెలియడం మంచిదన్నాను. సరేనని అక్కడే కూర్చుని, నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి అరగంట పట్టించాడు.

మెయిల్ పంపాక ఫోన్‌లో 'నయా దౌర్' పెట్టాను. పక్క టేబుల్ లొల్లిలో సగం మాటలు వినపడలేదు. చార్మినార్ చుట్టూ ఆటోల హారన్లు, గాజులవాళ్ల కేకలు. వాడు బిస్కెట్ ముంచుకుంటూ బొమ్మ చూశాడు. వైజయంతిమాల దిలీప్ కుమార్ వైపు చూసి నవ్వే చోట, వెనకాల నిలబడ్డ అజిత్ మొహం దగ్గరికొచ్చింది.

"అన్నా, వీడేనా విలన్?"

"ఇంకా కాలేదు" అన్నాను.

వాడు ఫోన్ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.